రాగి చెంబు గురించి మాట్లాడమన్నారు

అధ్యక్షులవారికి, గ్రంథాలయం పెద్దలకు, చిక్కడపల్లి ట్రాఫిక్ దాటుకుని వచ్చిన మీ అందరికీ నమస్కారం. శాలువా కప్పేశారు కాబట్టి పొగడ్తలు వద్దు. నాకిచ్చింది పావుగంట, అంశం "రాగి చెంబు, ఆరోగ్యం".

రాగి చెంబులో మంచినీళ్లు తాగండి. మజ్జిగ, నిమ్మరసం పోయకండి. ఏ లోహం ఎంత చురుగ్గా రసాయన చర్య జరుపుతుందో చెప్పే వరుస ఒకటుంది, చర్యాశీలత శ్రేణి అంటారు. అందులో రాగి హైడ్రోజన్ కంటే కిందుంటుంది. పులుపొక్కటే దాన్ని కరిగించలేదు, గాలిలోని ఆక్సిజన్ తోడు రావాలి. రాత్రంతా వదిలేస్తే ఆ తోడు దొరుకుతుంది, పొద్దున్నే తాగినవాడికి వాంతులు. చెంబు సంగతి అయిపోయింది.

ఇప్పుడు సోడియం. మా ఆవిడ మూడో వరుసలో ఉంది, ఆవిడకిది ఎన్నోసారో లెక్కలేదు.

1987లో నేను రసాయనశాస్త్రం చెప్పే బడిలో, ప్రయోగం అయ్యాక మిగిలిన సోడియం ముక్కను కిరోసిన్ సీసాలో వేయమన్నాను. కొత్తగా వచ్చిన అటెండరు సింకులో వేసి కుళాయి తిప్పాడు. ఢామ్మంది! ఎవరికీ ఏమీ కాలేదు, సింకు మాత్రం రెండు చెక్కలు. నాకు మెమో. సింకు ఖరీదు నా జీతంలోంచి. సోడియం సీసా బీరువాలో పెట్టి తాళం. మెమో కాగితం ఇప్పటికీ నా దగ్గరుందండీ!

అదే బడిలో తలుపుల పసుపు రంగు పెచ్చులూడుతుంటే ఒకటో తరగతి పిల్లలు గోళ్లతో గీకి ఆడుకునేవారు. పసుపు రంగుకి లెడ్ క్రోమేట్, అంటే సీసం ఉన్న పొడి, వాడే రోజులవి. తలుపులు గీకించండి, పరీక్ష చేయించండి అని రెండు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు. పేలలేదు కదా మరి! ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పదిలక్షల పాళ్లలో 90 పాళ్లు, దాటకూడదన్న నియమం మన దేశంలో 2016లో వచ్చింది, అమలైంది 2017 నవంబర్ నుంచి.

పేలే సోడియం క్లోరిన్‌తో కలిశాక మన పప్పులో ఉప్పు. సీసం నీళ్లలో వేస్తే బుడగైనా రాదు. ఒంట్లోకి వెళ్తే మాత్రం ఎముక దాన్ని కాల్షియం అనుకుని ఏళ్లకేళ్లు దాచుకుంటుంది. పసిపిల్లల మెదడుకి మరీ చేటు. తాగేనీటిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు చూడండి: రాగికి లీటరుకి 2 మిల్లీగ్రాములు, సీసానికి 0.01. రెండువందల రెట్లు తేడా. చెంబుకి పావుగంట ఇచ్చారు, సీసానికి ఎవరిస్తారు?

చీటీ వచ్చింది, చూశాను. రెండు నిమిషాలు.

అమ్మా, మీలో చాలామంది అటక మీది ఇత్తడి గిన్నెలు దింపారు. చారు, పులుసు కాచాలంటే లోపల కళాయి ఉండాలి. కళాయి అంటే తగరం, శుద్ధమైన తగరం. తగరం ప్రియం, సీసం చవక. పైగా తగరం 232 డిగ్రీలకు కరిగితే, తగిన పాళ్లలో సీసం కలిపింది 183కే కరిగి చక్కగా పాకుతుంది. పూసేవాడికి సుఖం, గిన్నె తళతళ, చింతపండు పులుసులోకి సీసం. వాడిని తిట్టకండి, ఆ పొగ పీల్చేది ముందు వాడే. తగరం ముక్క మీరే కొనివ్వండి.

ఇవిగో, బేగంబజార్‌లో కొన్న రెండు కడ్డీలు. చెవి దగ్గర పెట్టుకుని వంచండి. తగరం కిరకిరమంటుంది, సీసం పలకదు. కాగితం మీద గీస్తే సీసం పెన్సిల్‌లా బూడిదరంగు గీత పెడుతుంది. ముందు వరుస నుంచి అందించండి. బాబూ, నువ్వు చిన్నవాడివి, ముట్టుకోకు, తాతయ్య వంచుతారు, విను. ముట్టుకున్నవాళ్లు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. కుళాయి మెట్ల పక్కన ఉంది. ఉప్మా ప్లేట్లు ఆ తర్వాతే.