తుఫానుకు ముందే ఎగరాలి
(శ్రీకాకుళంలో విద్యుత్ సిబ్బంది, పాలిటెక్నిక్ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

మన జిల్లాలో డ్రోన్ అనగానే పెళ్లి వీడియోలు, కాదంటే పొలంలో మందు పిచికారీ గుర్తొస్తాయి. కరెంటు లైన్ల సంగతికొస్తే, తుఫాను వెళ్లాక ఎన్ని స్తంభాలు పడ్డాయో చూడటానికే అది పనికొస్తుందనుకుంటారు. నా లెక్క వేరు. పడిన స్తంభాన్ని ఊరంతా చూస్తూనే ఉంటుంది. పడబోయేదాన్ని పట్టుకోవాలి.

మన తుఫానుల తేదీలు చూడండి. ఫైలిన్, 2013 అక్టోబరు 12. హుద్‌హుద్, 2014 అక్టోబరు 12. మన పలాస దగ్గరే తీరం దాటిన తిత్లీ, 2018 అక్టోబరు 11. ఇలా ముహూర్తం పెట్టుకుని వచ్చే చుట్టం ఇంకెవరుంటారు! కాబట్టి తీరం వెంబడి 33 కేవీ, 11 కేవీ లైన్లన్నీ సెప్టెంబరు దాటకుండా ఒకసారి చూసేయాలి.

కొబ్బరి తోటలున్న మన ఉద్దానం ప్రాంతంలో మొదటి బెడద చెట్లు. కొబ్బరి మట్ట గాలికి ఊగి తీగకు తగిలిందంటే ఫీడర్ ట్రిప్పే, అంటే ఆ లైను మొత్తానికి కరెంటు ఆగిపోతుంది. కింద నిలబడితే మట్టకూ తీగకూ మధ్య ఎంత ఖాళీ ఉందో అంతుబట్టదు. తీగ ఎత్తులో పక్కనుంచి తీసిన ఫోటోలో తెలిసిపోతుంది. రెండోది ఉప్పు. సముద్రపు గాలికి ఇన్సులేటర్ల మీద, అంటే కరెంటు స్తంభానికి పాకకుండా తీగను మోసే పింగాణీ గిన్నెల మీద, పేరుకుంటుంది. పొడిగా ఉన్నంతసేపూ పర్వాలేదు. తెల్లవారుజామున మంచుకు తడిసిందా, ఆ పొర మీదుగా కరెంటు పాకి మెరుపులా దూకుతుంది, దాన్నే ఫ్లాషోవర్ అంటాం. లైను ఆగిపోతుంది. లైన్‌మన్ వెళ్లేసరికి ఎండ వచ్చి ఆరిపోతుంది, మళ్లీ కరెంటు ఇస్తే లైను నిలబడుతుంది, కారణం మాత్రం దొరకదు. డ్రోన్ దగ్గరగా తీసిన ఫోటోలో పింగాణీ మీద కాలిన నల్లటి చార దొరికిపోతుంది.

వేడిని చూపించే థర్మల్ కెమెరా గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఎక్కువ మోసపోయేది అక్కడే. జంపర్ క్లాంపు, అంటే రెండు తీగలను కలిపే ముక్కను పట్టి ఉంచే బిగింపు, వదులైతే రెసిస్టెన్స్ పెరిగి వేడెక్కుతుంది. లోడు సగానికి తగ్గితే ఆ వేడి నాలుగో వంతుకు పడిపోతుంది. అంటే లోడు లేని వేళ తీస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది. పైగా కొత్త అల్యూమినియం తళతళలాడుతూ నిజంగా కాలుతున్నా కెమెరాకు చల్లగానే అనిపిస్తుంది. అందుకే తెర మీది అంకెను గుడ్డిగా నమ్మకండి. అదే స్తంభం మీది మూడు ఫేజులనూ, అంటే మూడు తీగలనూ, పోల్చండి. రెండు ఒకలా ఉండి మూడోది వేడిగా ఉంటే అనుమానించాల్సిందే.

ఇక డ్రోన్ రిపేరు చేయదు. గాలి జోరుగా ఉంటే ఎగరదు. టవర్ ఇనుముకు బాగా దగ్గరైతే దాని దిక్సూచి తికమకపడుతుంది. స్తంభం నంబరు లేని ఫోటో దండగ. ఎల్సీ (లైను ఆపి పనిచేసేందుకు అనుమతి) తీసుకుని, ఎర్తింగ్ వేసి (తీగను భూమికి కలిపి) ఎక్కాల్సింది లైన్‌మనే. ఫోటో చూసి “ఇది పగులు కాదండీ, పిట్ట రెట్ట” అని తేల్చేదీ ఆయనే. కాబట్టి ఫోటోలు ఆఫీసు కంప్యూటర్లో మురగబెట్టకుండా అదే రోజు ఆయన ఫోనుకు చేరాలి.

2021 డ్రోన్ నిబంధనల ప్రకారం పదో తరగతి పాసై 18 ఏళ్లు నిండినవారు, గుర్తింపు ఉన్న సంస్థలో శిక్షణ పూర్తిచేస్తే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ తీసుకోవచ్చు. మ్యాప్‌లో ఆకుపచ్చగా చూపే గ్రీన్ జోన్‌లో 400 అడుగుల ఎత్తు వరకూ అనుమతి అక్కర్లేదు. భోగాపురం విమానాశ్రయం వైపు లైన్లయితే ముందు డ్రోన్లు ఎక్కడ ఎగరొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్ చూడాలి. ఇదంతా కుర్రాళ్ల వ్యవహారం అనుకోకండి, వయోపరిమితి 65. స్తంభాలెక్కి మోకాళ్లు అరిగిన లైన్‌మన్లే ముందు చేరాలని నా కోరిక. ఏ మలుపులో ఏ స్తంభం ఏటా ఏడిపిస్తుందో వాళ్లకు తెలుసు, ముందు అక్కడికే ఎగరేస్తారు.

ఇక ప్రశ్నలుంటే అడగండి.