దెయ్యం ముందు నవ్వు పుట్టే చోటు

సభకు నమస్కారం. ముందు వరసలో కూర్చున్న పెద్దలకు, పొద్దున్నుంచీ ఈ శిబిరంలో గొంతులు సాధన చేస్తున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు కూడా. అమలాపురం వచ్చి మాట్లాడమని పిలిచినప్పుడు దేని గురించి అని అడిగాను. "మీరు ఎక్కువగా దెయ్యాల నాటికల్లో, దెయ్యాల సినిమాల్లో నవ్వించే వేషాలే వేశారు కదండీ, దాని గురించే చెప్పండి" అన్నారు. నాకు చాలా సంతోషం వేసింది. ఇరవై ఏళ్లకు పైగా నేను చేస్తున్న పని ఇది. దీని లోతు గురించి నన్ను కూర్చోబెట్టి అడిగినవాళ్లు తక్కువ.

రాజోలు దగ్గర ఒక ఊళ్లో అమ్మవారి తీర్థం. గుడి ముందు పందిరి వేసి మా నాటిక పెట్టారు. నాది పాలేరు వేషం. పాడుబడిన మండువా లోగిలి, ఊరెళ్తున్న కామందు తాళాలు నా చేతిలో పెట్టి "ఈ రాత్రికి కాపలా నువ్వే" అని వెళ్లిపోతాడు. చేతిలో ఒక లాంతరు. అర్ధరాత్రి దెయ్యం వస్తుంది. అప్పటికి నాకు తెలిసిన భయం ఏమిటంటే కళ్లు పెద్దవి చేయడం, మోకాళ్లు ఒకదానికొకటి కొట్టుకునేలా వణకడం, ఊడిపోతున్న పంచె పట్టుకోవడం. అవన్నీ చేశాను. ముందు కూర్చున్న చిన్నపిల్లలు నవ్వారు. వెనక మంచాలు వేసుకున్న పెద్దవాళ్లు నవ్వలేదు. కొందరు లేచి జీళ్ల కొట్టు వైపు వెళ్లిపోయారు. స్టేజీ మీద నుంచి వాళ్ల వీపులు కనబడుతుంటే ఎంత బాధగా ఉంటుందో ఇక్కడున్న నటులకు చెప్పక్కర్లేదు.

మా హార్మోనిస్టు గారు పౌరాణికాలకు వాయించి తల పండిన మనిషి. మేకప్ తుడుచుకుంటుంటే వచ్చి పక్కన కూర్చున్నారు. "ఒరేయ్, నువ్వు భయాన్ని చూపిస్తున్నావు కానీ భయపడట్లేదు. పొద్దున్నే కామందుకి లెక్క చెప్పాల్సినవాడు ఆ పాలేరు. లాంతరు ఆరిపోతే వాడి గతేంటి? అది చూసుకో ముందు" అన్నారు.

తర్వాతి ప్రదర్శన ముమ్మిడివరం వైపు. ఆ రాత్రి నేను దెయ్యం గురించి ఆలోచించలేదు. లాంతరునే పట్టుకున్నాను. వత్తి సన్నబడుతుంటే దానికి గాలి తగలకుండా ఒళ్లు అడ్డం పెట్టి, "ఉండమ్మా, ఉండు. రేపు నిండా కిరసనాయిలు పోస్తాను. గాజు తుడుస్తాను. కొత్త వత్తి కొంటాను. ఈ ఒక్క రాత్రీ ఉండు తల్లీ" అన్నాను. ఈ మాటలు రాతప్రతిలో లేవు, నోటికి వచ్చేశాయి. జనం గొల్లున నవ్వారు. మంచాల మీద పెద్దవాళ్లూ నవ్వారు. సరిగ్గా అప్పుడే నాకు నిజంగా భయం వేసింది. దీపాన్ని బతిమాలుకుంటున్నాడంటే ఆ మనిషికి ఆ ఇంట్లో ఇంకెవరూ లేరని నాకు ఆ క్షణంలోనే తెలిసింది.

అక్కణ్నుంచి నేను ఒక్క విషయం మీదే పని చేస్తూ వచ్చాను. దెయ్యం సీనులో నవ్వించే నటుడు నవ్వు కోసం చూడకూడదు. మనస్ఫూర్తిగా భయపడాలి, భయపడుతూనే చేతిలో పని వదలకూడదు. లాంతరు కావచ్చు, తాళం చెవి కావచ్చు, పొయ్యి మీద పాలు కావచ్చు. అంత భయంలోనూ పాలు పొంగిపోతాయేమోనని చూసే మనిషిని చూస్తే మనకు నవ్వొస్తుంది. మనమూ అలాగే చేస్తాం కాబట్టి వస్తుంది.

ఈ రెండు రసాలకూ చుట్టరికం చాలా పాతది. భరతుడు నాట్యశాస్త్రం ఆరో అధ్యాయంలో ఒక్కో రసానికి ఒక్కో రంగు, ఒక్కో అధిదేవత చెప్పాడు. భయానకానికి నలుపు రంగు, కాలుడు దేవత. హాస్యానికి తెలుపు. మరి హాస్యానికి దేవత ఎవరనుకున్నారు? ప్రమథులు. శివుడి వెంట తిరిగే భూతగణం! నవ్వును తీసుకెళ్లి భూతాల చేతిలో పెట్టాడు ఆయన. ఇది మొదటిసారి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

మన జిల్లాల్లో దీనికి ఆధారాలు వెతుక్కోనక్కర్లేదు. కాకినాడ పక్కన మాధవపట్నం తోలుబొమ్మలాటకు పేరున్న ఊరు. యుద్ధమో శపథమో జరుగుతూ కథ బిగిసిన చోట నవ్వించే బొమ్మలు కేతిగాడు దూరతాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు వస్తారు. జనం నవ్వి ఊపిరి తీసుకుంటారు, మళ్లీ కథ బిగుస్తుంది. కాకినాడలోనే యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్బు నాటకాల్లో నటించిన ఎస్వీ రంగారావు గారు 1957లో మాయాబజార్‌లో ఘటోత్కచుడు అయ్యారు. ఆయన నవ్వు వింటే ఒళ్లు జలదరిస్తుంది. అదే మనిషి పెళ్లి వంటకాల ముందు కూర్చుంటే ఇంటిల్లిపాదీ నవ్వుతారు. అక్కడ ఆయన కామెడీ చేయలేదు. ఆ రాక్షసుడికి నిజంగా ఆకలేసింది, అంతే. నేను కొత్త వేషం ఒప్పుకున్నప్పుడల్లా ఆ సీను ఒకసారి చూసుకుంటాను.

ఇప్పుడు శిబిరంలోని పిల్లల కోసం పని సంగతి ఒకటి చెప్పాలి. కొంచెం ఓపిగ్గా వినండి.

నేను ఊపిరి గురించి నేర్చుకున్నది మా అమ్మమ్మ దగ్గర. వేసవిలో అరుగు మీద పడుకోబెట్టి కాలవ గట్టు మీద కొరివి దెయ్యం కథ చెప్పేది. చెబుతూ చెబుతూ విసనకర్ర ఆపేసేది. అంతే, ఇంకేమీ చేసేది కాదు. విసనకర్ర ఆగగానే మా అందరి ఊపిరీ ఆగిపోయేది. కాసేపటికి తాటాకు ఏదో రాలేది, మేము కెవ్వుమనేవాళ్లం, ఆ వెంటనే ఒకళ్ల మీద ఒకళ్లు పడి నవ్వేవాళ్లం. భయపడ్డప్పుడు ఊపిరి లోపలికి పోతుంది. నవ్వినప్పుడు బయటికి వస్తుంది. లోపలికి పోనిది బయటికి ఎలా వస్తుంది? కొత్త నటులు దెయ్యం కనబడగానే కేక పెట్టేస్తారు. అలా కాదు. ముందు ఊపిరి లోపలికి వెళ్లాలి, భుజాలు పైకి లేవాలి, గొంతు పట్టేయాలి. మాట రావడానికి ప్రయత్నించాలి, రాకూడదు. కేక ఆ తర్వాత. ఆ మధ్యలో ఉన్న కాసేపు ప్రేక్షకుడు కూడా మీతోపాటు ఊపిరి బిగపడతాడు. వదిలేటప్పుడు అది నవ్వుగా వస్తుంది.

నాటకంలో ఆ కాసేపు ఎంతసేపో జనమే చెబుతారు. నవ్వు లేచి, పైకి వెళ్లి, దిగుతుంటే, పూర్తిగా దిగకముందే తర్వాతి మాట అందుకోవాలి. సినిమాలో ఆ సుఖం లేదు. నా సినిమా ఒకటి విడుదలైన రోజు భీమవరంలో హాలుకి వెళ్లాను. నేను తలుపు తీసే సీనుకి హాలంతా ఒకటే నవ్వు. ఆ నవ్వులో తర్వాతి రెండు డైలాగులు ఎవరికీ వినబడలేదు. అసలు కథ మలుపు ఆ రెండో డైలాగులో ఉంది! అప్పటి నుంచి నవ్వొస్తుందనుకున్న చోట మాట ఆపి, ముఖంలో భయం మాత్రం ఆపకుండా కాసేపు అలాగే ఉంటాను. ఎడిటింగ్‌లో వాళ్లకి కావాలంటే ఉంచుకుంటారు, లేదంటే కోసేస్తారు. నటుడు ఆ జాగా ఇవ్వాలి.

సినిమాలో మొదటి కష్టం దెయ్యం అక్కడ ఉండకపోవడం. నా మొదటి దెయ్యం సీను కోనసీమలోనే ఒక పాత ఇంట్లో తీశారు. సాయంత్రం ఆరు నుంచి తెల్లవారుజామున రెండింటి దాకా కాల్షీట్. గ్రీన్ మ్యాట్ కట్టారు. ఒక అసిస్టెంట్ తమ్ముడు కర్ర చివర ఎర్ర గుడ్డ కట్టి పట్టుకుని "అన్నా, లుక్ ఇక్కడ" అన్నాడు. దెయ్యం తర్వాత సీజీలో, అంటే కంప్యూటర్ గ్రాఫిక్స్‌లో వస్తుందట. ఎర్ర గుడ్డకి భయపడటం ఎలా? నాలుగు టేకులు పోయాయి, టెన్షన్ పెరిగింది. అప్పుడు అమ్మమ్మ విసనకర్ర గుర్తొచ్చింది. ఆ గుడ్డ వైపు చూస్తూనే, నా వెనక ఏదో చప్పుడు ఆగిపోయింది అనుకున్నాను. ఉన్నది కనబడటం కన్నా, ఉండాల్సిన చప్పుడు లేకపోవడం ఎక్కువ భయం. ఐదో టేకు ఓకే అయింది. నెలల తర్వాత డబ్బింగ్ థియేటర్లో అదే కేక మళ్లీ పెట్టాలి. చల్లటి గదిలో, మైకు ముందు, ఒక్కడినే. మొదటి రోజు గొంతుతోనే అరిచి గొంతు పోగొట్టుకున్నాను, మూడు రోజులు మాట రాలేదు. కేక పొట్టలోంచి రావాలని అప్పుడు తెలిసింది. అసలు వేషం వేసినప్పుడు నిలబడ్డట్టే నిలబడి, చేతులు అలాగే పెట్టుకుని డబ్బింగ్ చెబితే ఊపిరి తనంతట తానే దారిలోకి వస్తుంది.

దెయ్యం వేషం కూడా రెండుసార్లు వేశాను. కళ్లలో తెల్ల లెన్సులు పెడితే ఎదురుగా ఉన్న మనిషి మసకగా తప్ప కనబడడు. మన ఉక్కపోతకి ముఖం మీద అతికించిన రబ్బరు చెమటకి ఊడి వస్తుంటుంది. రోప్ మీద వేలాడేటప్పుడు తొడల దగ్గర బెల్టు కోసుకుంటుంది. ఇవన్నీ ఎవరికైనా అలవాటవుతాయి. అలవాటు కానిది ఒకటుంది. దెయ్యానికి తాను దెయ్యమని గుర్తుండదు. దానికి ఏదో కావాలి. ఒక నాటికలో నేను వేసిన దెయ్యానికి కావలసింది, తాను బతికుండగా అటక మీద దాచిన కొడుకు బళ్లో పుస్తకాలు. నేను వాటి కోసం వెతుకుతున్నాను, పాలేరు నన్ను చూసి అటక నిచ్చెన పట్టుకుని వేలాడుతున్నాడు. జనం వాడిని చూసి నవ్వారు. నన్ను చూసి ఎవరూ నవ్వలేదు. అలాగే ఉండాలని నేను కోరుకున్నాను.

ఇక మీకు తప్పక చెప్పాల్సిన సంగతి.

ఒక నాటికలో భూతవైద్యుడి వేషం నాది. దెయ్యం పట్టిన కోడలిని వేపమండలతో కొట్టే సీను. ఆ అమ్మాయి తూలుతుంది, నేను తప్పించుకుంటూ కొడతాను, జనం విరగబడి నవ్వేవారు. నరసాపురం దగ్గర ఆడినప్పుడు నాటిక అయ్యాక ఒక పెద్దావిడ స్టేజీ పక్కకు వచ్చింది. "బాబూ, మా అమ్మాయికి చిన్నప్పుడు మూర్ఛ వచ్చేది. దెయ్యం పట్టిందని ఇలాగే కొట్టించాం. దాని వీపు మీద మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. ఇందాక అది నా పక్కనే కూర్చుంది" అంది. ఇంకేమీ అనలేదు. నేను ఆవిడ కాళ్లకి దండం పెట్టాను. నోట మాట రాలేదు.

మూర్ఛ మెదడుకి సంబంధించిన జబ్బు. మందులు వాడితే చాలామందికి అదుపులో ఉంటుంది. నాకు ఈ సంగతి అప్పటికే తెలుసు. తెలిసి కూడా ఆ సీను చేశాను. ఆ రాత్రే రచయితను కూర్చోబెట్టి సీను మార్పించాను. కొత్త సీనులో కోడలు కదలకుండా కూర్చుని ఉంటుంది, ఆమెను ఎవరూ ముట్టుకోరు. భూతవైద్యుడు మంత్రం మొదలుపెడతాడు. నిప్పుల మీద గుగ్గిలం వేయగానే భగ్గుమంటుంది, తన గుగ్గిలానికే తాను అదిరిపడతాడు. మంత్రం మర్చిపోతాడు. ఆ అమ్మాయే మంత్రం అందిస్తుంది. అంతకుముందు కన్నా ఎక్కువ నవ్వారు జనం.

తర్వాత ఒక సినిమాలో అచ్చం పాత సీను లాంటిదే ఇచ్చారు. ఇలా మారుద్దామండీ అని బతిమాలాను. ఒప్పుకోలేదు. వేషం వదులుకున్నాను. ఆ ఏడాది ఇల్లు గడవడం కష్టమైంది. అయినా మీలో ఎవరికైనా అలాంటి సీను వస్తే, నవ్వు ఎవరి మీద పడుతోందో చూడండి. భయపెట్టేవాడి మీద పడనివ్వండి, భయపడేవాడి మీద పడనివ్వండి. బాధలో ఉన్నవాళ్ల మీద మాత్రం పడనివ్వకండి. నా అనుభవంలో ఇంతకన్నా గట్టిగా నేను చెప్పగలిగింది ఇంకోటి లేదు.

రాత్రులు మారాయి, నిజమే. మా చిన్నప్పుడు పది దాటితే కాలవ గట్టు చీకటి. ఇప్పుడు భీమవరం వైపు వెళ్తే రొయ్యల చెరువుల మీద రాత్రంతా లైట్లు, ఏరియేటర్ల చప్పుడు. చెరువు కాపలా కుర్రాడికి కొరివి దెయ్యం ఎక్కడ కనబడుతుంది అంటారు. నేను ఒక కాపలా కుర్రాడిని అడిగాను. "నాకు దెయ్యం భయం లేదండీ. ఆ చప్పుడు ఆగిపోతుందేమోనని భయం" అన్నాడు. ఏరియేటర్ ఆగితే నీళ్లలో గాలి తగ్గి తెల్లారేసరికి సరుకంతా పోతుంది. అర్ధరాత్రి అన్ని చెరువుల మీదా చప్పుడు ఆగిపోయి, ఆ కుర్రాడు జనరేటర్ తాడు లాగుతూ దాన్ని బతిమాలుకుంటున్నాడు అనుకోండి. వెనక నీళ్లలో ఎవరో నడుస్తున్నారు. నా తర్వాతి నాటిక అదే, రాయిస్తున్నాను.

మాటలు చాలు. శిబిరంలో ఉన్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ అందరూ స్టేజీ మీదకి రండి. తలా ఒక వస్తువు పట్టుకోండి, ఏదైనా సరే, మంచినీళ్ల సీసా అయినా సరే. అది చేజారకూడదు. తమ్ముడూ, ఆ గుమ్మం పక్కనున్న లైట్లు తీసెయ్. పెద్దలు దయచేసి కదలకండి. ఇప్పుడు ఫ్యాన్లు ఆపు.