దిగుడులో సైకిల్‌కి స్పీడ్ ఎక్కడి నుంచి వస్తుంది?

నమస్కారం అండీ. "ఇది వేయించండి, దిగుడులో సైకిల్ దూసుకుపోతుంది" అంటూ అమ్మే వస్తువులు చాలానే ఉన్నాయి కదా, ఇవాళ వాటి సంగతి చూద్దాం.

ముందు తేలిక ఫ్రేమ్. కొండ ఎక్కేటప్పుడు మేలే, కాదనను. మరి దిగేటప్పుడు? 8 శాతం వాలు, అంటే 100 మీటర్లు ముందుకి వెళ్తే 8 మీటర్లు కిందికి దిగే రోడ్డు అనుకుందాం. మనిషి, సైకిల్ కలిపి 85 కిలోలు. నిటారుగా కూర్చుని, తొక్కకుండా వదిలేస్తే గంటకి దాదాపు 58 కిలోమీటర్ల దగ్గర స్పీడ్ పెరగడం ఆగిపోతుంది. అదే 100 కిలోలైతే 63 దాకా వెళ్తుంది. బరువు పెరిగినంతగా గాలికి అడ్డుపడే ఒళ్లు పెరగదు, అదీ కారణం. అంటే రెండు కిలోలు తగ్గించడానికి పోసిన డబ్బు దిగుడులో మిమ్మల్ని కాస్త వెనకే ఉంచుతుంది!

సిరామిక్ బేరింగులు, అంటే చక్రం తేలిగ్గా తిరగడానికి లోపల వేసే పింగాణీలాంటి గట్టి గుళ్లు? ఈ పని కోసమైతే వద్దు. ఆ 85 కిలోలని కిందికి లాగే బలం సుమారు 67 న్యూటన్లు. అందులో మంచి టైర్లు తినేది 4 మాత్రమే, బేరింగుల వాటా ఇంకా తక్కువ. మిగతాదంతా గాలే. పైగా స్పీడ్ రెట్టింపైతే గాలి అడ్డు నాలుగు రెట్లవుతుంది.

అందుకే అసలు తేడా కూర్చునే తీరులో ఉంది. చేతులు డ్రాప్స్ (హ్యాండిల్‌బార్‌లో కిందికి వంగిన భాగం) మీద, మోచేతులు లోపలికి, గడ్డం హ్యాండిల్‌బార్ దగ్గరికి, పెడల్స్ రెండూ ఒకే ఎత్తులో, వేళ్లు బ్రేకుల మీదే. ఇంతే, 58 కాస్తా 73 దగ్గరికి వెళ్తుంది! జాకెట్ జిప్ కూడా పూర్తిగా పైకి లాగండి, రెపరెపలాడే ప్రతి గుడ్డా గాలిని పట్టుకుంటుంది.

2016 టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేసులో క్రిస్ ఫ్రూమ్ అనే రేసర్ సీటు వదిలి, సీటుకి ముందుండే ఫ్రేమ్ పై గొట్టం మీద కూర్చుని దిగి ఆ రోజు స్టేజ్ గెలిచాడు. చూడ్డానికి అద్భుతం, కానీ దయచేసి మీరు చేయొద్దు. అలా కూర్చుంటే సైకిల్ మీద పట్టు తగ్గిపోతుంది. 2021లో ప్రపంచ సైక్లింగ్ సంస్థ యూసీఐ కూడా రేసుల్లో దాన్ని నిషేధించింది.

డీప్ రిమ్ చక్రాలు, అంటే రిమ్ బాగా లోతుగా, వెడల్పాటి పట్టీలా ఉండేవి, గాలిని బాగానే కోస్తాయి. పక్క గాలి కొట్టిందంటే మాత్రం ముందు చక్రం చటుక్కున పక్కకి లాగుతుంది, టెన్షన్ తప్పదు. సన్నగా ఉండేవాళ్లకి నేను సిఫారసు చేయను.

డబ్బు పెట్టాలనుంటే మంచి పట్టున్న టైర్లకీ, డిస్క్ బ్రేకులకీ పెట్టండి. మలుపులున్న రోడ్డులో టైమ్ కలిసొచ్చేది అక్కడే. మలుపుకి ముందే గట్టిగా బ్రేక్ వేసి, మలుపులోకి వెళ్లేసరికి వదిలేయండి.