శాలువాలు ఆపండి, జీపు కదలనివ్వండి

(విస్తరణ సిబ్బంది, రైతుల ఉమ్మడి సమావేశంలో విశ్రాంత శాస్త్రవేత్త ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలకు, రైతులకు సలహాలిచ్చే ఏరువాక కేంద్రాల, కృషి విజ్ఞాన కేంద్రాల మిత్రులకు, వ్యవసాయ శాఖ వాళ్లకు, చివరి వరుసల్లో కూర్చున్న రైతు సోదరులకు నమస్కారం. అన్నట్టు, రైతులు అంత వెనకెందుకు కూర్చున్నారండీ? ముందు సోఫాలు ఖాళీగానే ఉన్నాయి కదా. రండి, ఇటు రండి. మీరు వచ్చేలోపు ఒక మాట చెబుతాను.

ఇందాక నాకు శాలువా కప్పారు. సంతోషమే. కాకపోతే ఇంకొకటి తెస్తే కొత్త బీరువా కొనాలని మా ఆవిడ పొద్దున్నే చెప్పి పంపింది. శాలువాలు, మెమెంటోలు, బొకేలు, గేటు దగ్గర మనందరి ఫొటోలతో అంత పెద్ద ఫ్లెక్సీ. వీటి బిల్లు ఎంతయిందని నేను అడగకూడదు. కానీ నాకిచ్చిన అంశం ‘పరిమిత నిధులతో విస్తరణ సేవలు’, అంటే తక్కువ డబ్బుతో సేద్యం సలహాని రైతు చేను దాకా చేర్చడం. కాబట్టి అడిగాననే అనుకోండి.

1964లో మన వ్యవసాయ విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు దానికి మూడు పనులు అప్పజెప్పారు: బోధన, పరిశోధన, విస్తరణ. ప్రభుత్వ భూముల దన్నుతో పెట్టిన అమెరికా ల్యాండ్ గ్రాంట్ యూనివర్సిటీల పద్ధతి అది. అక్కడ మూడో పని కోసం 1914లోనే స్మిత్-లీవర్ చట్టం చేసి, కేంద్రం కొంత ఇస్తే రాష్ట్రం కొంత కలపాలని ముడి వేశారు. మనం పద్ధతి తెచ్చుకున్నాం, ముడి తెచ్చుకోలేదు. కృషి విజ్ఞాన కేంద్రాలకు ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన మండలి, అదే ఐసీఏఆర్, డబ్బులిస్తుంది. విశ్వవిద్యాలయం కింద ఉండే ఏరువాక కేంద్రాల బతుకు మాత్రం రాష్ట్రం విదిల్చే దాని మీదే. ఇటు ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉన్న లాం అయినా, అటు తెలంగాణ విశ్వవిద్యాలయం ఉన్న రాజేంద్రనగర్ అయినా వ్యవసాయ చదువుకి ఇదే కథ.

బడ్జెట్ తగ్గిందంటే ఏం జరుగుతుందో ఇక్కడున్న వాళ్లందరికీ తెలుసు. జీతాలు ఆపలేరు, పెన్షన్లు ఆపలేరు, కరెంటు బిల్లు ఆపితే ఫ్యూజు పీకేస్తారు. ఇక కోయడానికి మిగిలింది కంటింజెన్సీ. అంటే జీపు డీజిలు, ప్రయాణ ఖర్చుల టీఏ, రైతులు చేలో వేసి చూడటానికిచ్చే మినీకిట్ల విత్తనం, మైక్రోస్కోపు రిపేరు. మొత్తం ఖర్చులో ఇది చిన్న ముక్కే. కానీ ఆ ముక్క కోసేస్తే, మంచి జీతం తీసుకునే శాస్త్రవేత్త ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుంటాడు. ఆదా అయ్యేది డీజిలు, దండగయ్యేది జీతం. ఎద్దుకి గడ్డి మానేసి మెడలో గంట కట్టినట్టుంది మన పొదుపు. ఈ లెక్క ఆర్థిక శాఖకు ఎవరూ చెప్పరు. చెబితే జీతం కూడా కోస్తారేమోనని భయం!

మరి ఊరికి వెళ్లకుండా ఏం చేస్తున్నాం? శిక్షణలు పెడుతున్నాం. బ్యానర్ కట్టి, హాజరుపట్టీలో సంతకాలు పెట్టించుకుని, ఫొటో అప్‌లోడ్ చేస్తున్నాం. ఎన్ని శిక్షణలు, ఎంతమంది రైతులు అన్నది డాష్‌బోర్డులో ఆకుపచ్చగా కనపడుతుంది. వాళ్లలో ఒక్కరి పంటయినా నిలబడిందా అన్న గడి ఆ డాష్‌బోర్డులో లేదు.

ఒక మిరపతోట సంగతి చెబుతాను. ఇది నా పాత గోడు, విన్నవాళ్లు క్షమించాలి. 2021 చివర నల్ల తామర పురుగు గుంటూరు, ఖమ్మం మిరపను ఊడ్చేసిన కాలం మీకు గుర్తుంది. అప్పుడొక కౌలురైతు తోటకి వెళ్లాను. తోట దూరానికి బాగానే ఉంది, చిగుళ్ల నిండా తెల్లటి పూలు. ఒక్క పిందె లేదు. జేబులో పురుగుమందుల షాపు బిల్లు ఉంటే ఇమ్మని, దాని తెల్లవైపు పూల కింద పట్టి, కొమ్మని వేలితో తట్టాను. కాగితం మీద నల్లటి నలుసులు రాలి పరుగెత్తాయి. మిల్లీమీటరు ఉంటుందో లేదో ఒక్కొక్కటి. ఆయన అంతవరకు వాటిని చూడలేదు. ఆకు ముడత చూసుకుని ఆకులకి కొడుతున్నాడు. పురుగేమో పువ్వులో కాపురం ఉంది.

కాగితం తిప్పి బిల్లు చదివాను. సింథటిక్ పైరిథ్రాయిడ్ రకం పురుగుమందు ఒకటి, దాంతో కలిపి కొట్టమని ఇంకోటి, ‘పవర్’ కోసమని పేరూ ఊరూ లేని టానిక్ ఇంకోటి. పైరిథ్రాయిడ్లు వద్దు నాయనా, తామర పురుగుని తినే మిత్రపురుగులు కూడా చచ్చి ఇది ఇంకా పెరుగుతుంది, యూరియా తగ్గించు, నీలం రంగు జిగురు అట్టలు పెట్టు, వేపనూనె కొట్టు అని చెప్పాను. అంతా విని ఆయన ఏమన్నాడో తెలుసా? “సార్, మీరు చెప్పింది బాగానే ఉంది. షాపాయన ఇచ్చిన మందు కొట్టనంటే రేపు నాకు అప్పెవరిస్తారు?”

దీనికి మన దగ్గర ఏం జవాబుందండీ? కౌలుకార్డు లేదు, బ్యాంకు గడప ఎక్కలేడు. అప్పు, మందు, సలహా మూడూ ఒకే కౌంటరు మీద దొరుకుతున్నాయి. షాపు రాత్రి దాకా తీసి ఉంటుంది. మన ఆఫీసు అయిదింటికి మూసేస్తాం, ఆదివారం సెలవు. పురుగుకి ఆదివారం లేదు.

ఇది నా ఒక్కడి గోడు అనుకోవద్దు. 2003లో జాతీయ నమూనా సర్వే వాళ్లు సేద్యం సమాచారం ఎక్కడ దొరుకుతోందని దేశమంతా రైతుల్ని అడిగారు. నూటికి 13 మంది డీలరు దగ్గరన్నారు. విస్తరణ సిబ్బంది దగ్గరన్నవాళ్లు ఆరుగురి లోపే. కృషి విజ్ఞాన కేంద్రం అన్నవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు. ఆ సంవత్సరమే విస్తరణలో శిక్షణనిచ్చే హైదరాబాద్ మేనేజ్ సంస్థ డీలర్లకు ‘దేశీ’ డిప్లొమా మొదలుపెట్టింది. మంచి ఆలోచన. షాపు వాణ్ని తిట్టడం కన్నా వాడికి చదువు చెప్పడం మేలు. అయితే డీలరు చదువుకున్నా అమ్మితేనే కదా పూట గడిచేది? ‘ఈ వారం ఏ మందూ కొట్టకు’ అని ఉచితంగా చెప్పగలిగింది మనమే. మన అవసరం ఆ ఒక్క మాటలో ఉంది. ఆ మాట చెప్పడానికి చేను దాకా వెళ్లాలి.

టైమ్ అయిందని చీటీ వచ్చింది. చూశానండీ, ఇంకొంచెం.

విస్తరణ అంటే ప్రచారం అనుకునే వాళ్ల కోసం ఒకటి గుర్తు చేస్తాను. మార్టేరు పరిశోధన కేంద్రం నుంచి 1982లో వచ్చిన స్వర్ణ, బాపట్ల నుంచి 1986లో వచ్చిన సాంబమసూరి, ఈ వరి రకాలు ఏ ఫ్లెక్సీ చూసి పాకాయి? రైతు చేలో పండి, గట్టు మీద నిలబడి చూసినవాడు విత్తనం అడిగి పట్టుకెళ్తే పాకాయి. స్వర్ణ ఒడిశా, బెంగాల్ దాటి బంగ్లాదేశ్ దాకా వెళ్లింది. కాబట్టి మినీకిట్ల డబ్బు ముట్టుకోవద్దని దండం పెట్టి చెబుతున్నాను.

మరి ఎక్కడ కోయాలి? మేళాలు సగం చేయండి. సన్మానాలు అసలు వద్దు. ఒకే జిల్లాలో ఏరువాక కేంద్రానికో జీపు, కృషి విజ్ఞాన కేంద్రానికో జీపు, రెండూ షెడ్డులోనే. ఒకదానికి డీజిలు పోసి ఇద్దరూ ఎక్కండి. భవనాలు కొత్తవి అక్కర్లేదు. ఆంధ్రలో రైతు సేవా కేంద్రాలున్నాయి, తెలంగాణలో దాదాపు 2,600 రైతు వేదికలున్నాయి. చదువులో భాగంగా పల్లెల్లో ఉండే చివరి సంవత్సరం బీఎస్సీ అగ్రికల్చర్ పిల్లల్ని రికార్డులు రాయడానికే వాడుతున్నాం. వాళ్లు చేలల్లో తిరిగే పిల్లలు. ఉదయం ఫలానా ఊళ్లో ఫలానా పురుగు కనపడిందని వాళ్లు ఫోటో పంపితే, సాయంత్రానికి కీటక శాస్త్రవేత్త జవాబివ్వాలి. మర్నాటికి కాదు. మర్నాటికల్లా రైతు షాపుకి వెళ్లిపోతాడు.

ఇంకొకటి. సంత రోజున మందుల షాపుల పక్కనే బల్ల వేసుకుని కూర్చుందాం. బల్ల, భూతద్దం, తెల్లకాగితాలు, ఇంతే సరంజామా. రైతు కొమ్మ పట్టుకుని షాపు మెట్లెక్కేముందు మనకి కనపడాలి. రిటైరైన వాళ్లం చాలామందిమి ఉన్నాం, పెన్షన్ వస్తోంది, పొద్దుపోక పార్కుల్లో తిరుగుతున్నాం. భోజనాల దగ్గర నోటు పుస్తకం పెట్టించాను. వారంలో ఒక సంత రోజు ఇవ్వగలిగినవాళ్లు పేరు, మండలం రాయండి. నా పేరు పైనే ఉంది.

డైరెక్టర్ గారూ, మీరు పుస్తకంలో ఏమీ రాయక్కర్లేదు. మీ టేబుల్ మీద జీపు డీజిలు ఫైలుందట, దాని మీద సంతకం పెట్టండి చాలు. నమస్కారం.