క్యోటోలో ఒక్క రోజు: బస్సు ఎక్కకుండా, తూర్పు కొండ దాకా నడక

[దృశ్యం: తెల్లవారుతోంది. క్యోటో స్టేషన్ ముందు దాదాపు ఖాళీగా ఉన్న రోడ్డు. కెమెరా నెమ్మదిగా ఉత్తరం వైపు కదులుతుంది.]

పొద్దున్న ఆరున్నర. క్యోటో స్టేషన్ ముందు ఇంకా హడావుడి మొదలవలేదు. ఇంకో రెండు గంటలు ఆగితే ఇక్కడ బస్సుల కోసం చాంతాడంత లైను ఉంటుంది. ఎక్కువమంది బంగారు గుడి, అంటే కింకాకుజీకి వెళ్ళేవాళ్ళే. మనం మాత్రం ఈరోజు బస్సు ఎక్కం. ఇక్కడి నుంచి నడుచుకుంటూ తూర్పు కొండ దాకా వెళ్ళి, దీపాలు పెట్టే వేళకి గియోన్ అనే పాత పేటకి చేరతాం. నాలుగే చోట్ల ఆగుతాం.

క్యోటోలో మీకు ఒక్క రోజే ఉంటే ఇలాగే చూడమని గట్టిగా చెప్తాను. ఇక్కడా, పక్క ఊళ్ళు ఉజి, ఓత్సులలోనూ కలిపి యునెస్కో గుర్తించిన చోట్లు 17 ఉన్నాయి. అందులో ఆరేడు ఒకే రోజులో చుట్టేద్దామని బయల్దేరితే సగం పొద్దు బస్సుల్లోనే గడిచిపోతుంది. రాత్రి ఫోన్‌లో ఫొటోలు తిప్పుతుంటే ఏది ఏ గుడో కూడా గుర్తుండదు.

[తెర మీద: క్యోటో మ్యాపు. గళ్ళు గళ్ళుగా వీధులు.]

నడిచేముందు ఊరి గురించి రెండు మాటలు. 794లో కన్ము చక్రవర్తి ఇక్కడ రాజధాని కట్టించాడు. చైనాలోని చాంగాన్ నగరాన్ని చూసి వీధులు ఇలా అడ్డం నిలువుగా వేశారు. 1868 తర్వాత చక్రవర్తి టోక్యోకి మారేదాకా, వెయ్యేళ్ళకు పైగా ఇదే రాజధాని. అయితే ఊరంతా చెక్క, కొయ్య. 1467 నుంచి 1477 దాకా జరిగిన ఓనిన్ యుద్ధంలో చాలా భాగం బూడిదైపోయింది. ఆ తర్వాత కూడా ఎన్నోసార్లు కాలింది. ఇవాళ మనం చూసేవాటిలో ఎక్కువ భాగం కాలిపోయాక మళ్ళీ కట్టుకున్నవే. ఎవరు కట్టారు, ఎలా నిలబెడుతున్నారు అన్నది గమనిస్తూ నడుద్దాం.

[దృశ్యం: హిగాషి హొంగాన్‌జీ పెద్ద ద్వారం. లోపల విశాలమైన ప్రాంగణం.]

స్టేషన్ నుంచి పది నిమిషాలు కూడా పట్టదు. ఇది హిగాషి హొంగాన్‌జీ, బౌద్ధుల గుడి. టికెట్ లేదు. చెప్పులు విప్పి, చేతిలో పట్టుకుని లోపలికి వెళ్ళి, చాప మీద కూర్చోండి. ఏడు గంటలకి ప్రార్థన మొదలవుతుంది.

ఇక్కడ రోజూ పాడే స్తోత్రం పేరు షోషింగే. 1173లో పుట్టిన షిన్రాన్ అనే గురువు రాసింది. అందులో ఆయన తనకన్నా ముందున్న ఏడుగురు ఆచార్యులను తలుచుకుంటాడు. మొదటి పేరు "ర్యూజు". ర్యూ అంటే నాగం, జు అంటే చెట్టు, అంటే అర్జున వృక్షం. అవును, నాగార్జునుడే. మన నాగార్జునకొండ ఎవరి పేరు మోస్తోందో ఆ ఆచార్యుడే. భాష రాకపోయినా ఆ ఒక్క మాట కోసం చెవి ఒగ్గి కూర్చోండి. అది వినబడ్డాక గుడి పరాయిదిగా అనిపించదు.

[దృశ్యం: గాజు పెట్టెలో చుట్టి పెట్టిన లావుపాటి నల్లటి మోకు.]

బయటికి వచ్చేటప్పుడు వసారాలో దీన్ని వెతకండి. ఇది జుట్టుతో పేనిన మోకు. 1864లో ఊళ్ళో జరిగిన పోరులో మంటలు రేగి ఈ గుడి పూర్తిగా కాలిపోయింది. మళ్ళీ కట్టేటప్పుడు పెద్ద పెద్ద దూలాలు లాగుతుంటే మామూలు తాళ్ళు తెగిపోయేవి. అప్పుడు దేశం నలుమూలల నుంచి ఆడవాళ్ళు తమ జుట్టు కత్తిరించి పంపారు. దాన్ని జనపనారతో కలిపి 53 మోకులు పేనారు. 1895లో గుడి పూర్తయింది. తలనీలాలు ఇవ్వడం మనకి మొక్కు. ఇక్కడ ఆ జుట్టే దూలాలను మోసింది. నాకు ఈ గుడిలో అన్నిటికన్నా గొప్పగా కనిపించింది ఈ మోకే.

[దృశ్యం: కమో నది మీద వంతెన. కెమెరా నీళ్ళ మీదుగా తూర్పు కొండల వైపు.]

ఇప్పుడు తూర్పుకి. కమో నది దాటగానే సంజూసాన్‌గెన్‌దో వస్తుంది. ఈ నడకలో ఎక్కువసేపు ఉండాల్సింది ఇక్కడే. కనీసం గంటన్నర ఉంచుకోండి.

[తెర మీద: హాలు బయటి దృశ్యం. లోపల ఫొటోలు తీయనివ్వరు కాబట్టి ఇక్కడి నుంచి రేఖాచిత్రాలు.]

పేరుకి అర్థం 33 అరల మంటపం. స్తంభానికీ స్తంభానికీ మధ్య ఉన్న ఖాళీలు 33. పొడవు సుమారు 120 మీటర్లు. లోపల అడుగు పెట్టగానే కళ్ళు చీకటికి అలవాటు పడటానికి కొంచెంసేపు పడుతుంది. తర్వాత వరస వెనక వరస, బంగారు పూత వేసిన కన్నోన్ విగ్రహాలు. కన్నోన్ అంటే మన అవలోకితేశ్వరుడు, బౌద్ధులు కరుణామూర్తిగా కొలిచే బోధిసత్వుడు. మధ్యలో కూర్చున్న పెద్ద మూర్తి ఒకటి, రెండు పక్కలా ఐదేసి వందల చొప్పున నిలబడిన మూర్తులు వెయ్యి. మొత్తం 1001. పేరుకి సహస్రభుజుడే గానీ, ముందు జోడించిన రెండు చేతులు కాక ఉన్నవి 40. ఒక్కో చెయ్యి 25 లోకాలను కాపాడుతుందట. లెక్క వేసి చూడండి, వెయ్యి వస్తుంది.

ఈ మంటపాన్ని మొదట 1164లో కట్టారు. 1249లో కాలిపోయింది. ఆ మంటల్లోంచి 124 విగ్రహాలను బయటికి తీసుకురాగలిగారు. మిగతావన్నీ మళ్ళీ చెక్కారు. మధ్యలో ఉన్న పెద్ద మూర్తిని 1254లో పూర్తిచేసిన శిల్పి తాన్‌కేయికి అప్పుడు 82 ఏళ్ళు. ఇప్పుడున్న కట్టడం 1266 నాటిది. అక్కడితో పని అయిపోలేదు. 1973లో ఈ వెయ్యి విగ్రహాల మరమ్మతు మొదలుపెట్టారు. ఏటా కొన్ని చొప్పున, ఊడిన పూత అతికించి, దుమ్ము తుడిచి, 2017లో ముగించారు. మొదలుపెట్టిన రోజున కుర్రవాడిగా చేరిన పనివాడు, ముగించేనాటికి రిటైరై ఉంటాడు.

[తెర మీద: వేణువు ఊదుతున్న గరుడుడి రేఖాచిత్రం.]

కన్నోన్ విగ్రహాలు చూసి వెళ్ళిపోకండి. వాటికి కాపలాగా 28 మంది దేవతలు ఉన్నారు. ఒక్కొక్కరి ముందూ ఆగి పేరు చదవండి. బోంతెన్, అంటే బ్రహ్మ. తైషాకుతెన్, ఇంద్రుడు. అషురా, అసురుడు. కరురా, గరుడుడు. ఈ గరుడుడికి పక్షి ముక్కు ఉంది, రెక్కలు ఉన్నాయి, చేతిలో వేణువు కూడా ఉంది! మన గుళ్ళలో గరుత్మంతుడు చేతులు జోడించి కూర్చుంటాడు; ఇక్కడ వేణువు ఊదుతున్నాడు. మన దేవుళ్ళు చైనా, కొరియా మీదుగా ఇంత దూరం వచ్చి, దారిలో రూపం మార్చుకుని, పేరు మాత్రం దాదాపు అలాగే ఉంచుకున్నారు. వరసకి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు ఉరుముల దేవుడూ గాలి దేవుడూ. ఉరుముల దేవుడి చుట్టూ డోళ్ళు, గాలి దేవుడి భుజాల మీద గాలి సంచి.

బయట వెనక వసారా చివరిదాకా వెళ్ళి చూడండి. ఒకప్పుడు ఈ చివర నుంచి ఆ చివరకి బాణాలు వేసే పోటీలు జరిగేవి. 1686లో వసా దైహాచిరో అనే విలుకాడు ఒక్క రోజులో 13,053 బాణాలు వేస్తే 8,133 అవతలికి చేరాయి.

[దృశ్యం: మధ్యాహ్నం. చిన్న హోటల్ ముందు మట్టి కుండలో ఉడుకుతున్న టోఫు.]

భోజనం సంగతి. శాకాహారులకి ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. కూరగాయల సూప్ అని తెచ్చినా అందులో వాడే రసం, దాషి, ఎక్కువగా ఎండు చేపతో కాస్తారు. "మాంసం లేదు కదా" అని అడిగితే లేదనే అంటారు. అందుకని "షోజిన్ ర్యోరి" అని అడగండి. అది సన్యాసుల భోజనం. రసం సముద్రపు నాచుతోనూ, ఎండు పుట్టగొడుగులతోనూ కాస్తారు. యుదోఫు, అంటే వేడి నీళ్ళలో ఉడికించిన టోఫు, ఈ ఊరి ప్రత్యేకత. దాన్ని ముంచుకునే సాస్‌లో మాత్రం చేప ఉందేమో ఒకసారి కనుక్కోండి.

[దృశ్యం: కియోమిజుదేరా చెక్క వేదిక, కింద చెట్లు.]

కడుపు నిండాక ఎత్తు ఎక్కాలి. అరగంట నడక. 778లో మొదలైన గుడి కియోమిజుదేరా. పేరుకి అర్థం స్వచ్ఛమైన నీరు. ఇప్పుడున్న ప్రధాన మంటపం 1633 నాటిది. కొండ వాలు మీద 13 మీటర్ల ఎత్తున వేదిక, దాన్ని మోసే స్తంభాలకి మేకులు లేవు. అడ్డ దూలాలను స్తంభాల్లోకి దూర్చి బిగించారు. ఎవరైనా గట్టి నిర్ణయం తీసుకుంటే జపాన్‌లో "కియోమిజు వేదిక మీంచి దూకినట్టు" అంటారు. నిజంగానే దూకేవారు, కోరిక తీరుతుందని. గుడి రికార్డుల్లో 1694, 1864 మధ్య 234 సంఘటనలు ఉన్నాయి. 1872లో ప్రభుత్వం దాన్ని నిషేధించింది.

వేదిక మీద అందరూ లోయ వైపు చూస్తారు. మీరు వెనక్కి తిరిగి పైకప్పు చూడండి. అది పెంకు కాదు, హినోకి చెట్టు బెరడు. చెట్టు కొట్టకుండా, బతికున్న చెట్టు నుంచే పై బెరడు వలుస్తారు. కొన్నేళ్ళకి మళ్ళీ పెరుగుతుంది. 2017 నుంచి 2020 దాకా ఈ కప్పు మొత్తం కొత్తగా వేశారు. స్తంభాలకి కావలసిన కెయాకి చెట్లను కూడా గుడివాళ్ళు ఇప్పటినుంచే కొండల్లో నాటి పెంచుతున్నారు. అవి స్తంభాలయ్యే లావు కావడానికి వందల ఏళ్ళు పడుతుంది.

[దృశ్యం: రాతి మెట్ల వీధి, చెక్క ఇళ్ళు. సాయంత్రం వెలుగు.]

దిగేటప్పుడు సన్నెన్‌జకా, నినెన్‌జకా వీధుల్లోంచి దిగండి. జనం బాగా ఉంటారు, తోసుకోకుండా నడిస్తే చాలు. ఉత్తరానికి వెళ్తే యసాకా గుడి, దాని ముందు గియోన్.

గియోన్ అనగానే మొహాలకి తెల్ల రంగు వేసుకున్న కళాకారిణులే గుర్తొస్తారు. క్యోటోలో వాళ్ళని గేయికో అంటారు, ఇంకా నేర్చుకుంటున్న అమ్మాయిలైతే మైకో. సాయంత్రం పనికి వెళ్తున్న మనుషులు వాళ్ళు. కెమెరా పట్టుకుని వెంటపడొద్దు. ప్రైవేటు సందుల్లోకి రావొద్దని, వస్తే 10,000 యెన్ల జరిమానా అని బోర్డులు ఉన్నాయి.

[తెర మీద: శ్రావస్తి, క్యోటో. రెండు ఊళ్ళనీ కలుపుతూ గీత.]

గియోన్ అన్న పేరు ఎక్కడిదో తెలుసా? జేతవనానిది. శ్రావస్తిలో అనాథపిండకుడనే వర్తకుడు బుద్ధుడికి కొనిచ్చిన తోట. ఆ పేరునే చైనా అక్షరాల్లో రాసి, జపానీయులు పలికితే గియోన్ అయింది. యసాకా గుడిని కూడా 1868 దాకా గియోన్ గుడి అనే పిలిచేవారు. 869లో ఊళ్ళో అంటురోగం వ్యాపిస్తే, అది తగ్గాలని చేసిన పూజలోంచే గియోన్ పండుగ పుట్టింది. ఇప్పటికీ ప్రతి జూలైలో చేస్తారు. 17న, 24న రథాలు బయల్దేరతాయి. ఆ రథాల పక్కలకి పాత తివాచీలు వేలాడదీస్తారు. వాటిలో కొన్ని 17వ శతాబ్దంలో మన దక్కన్‌లో నేసి, డచ్చి ఓడల్లో జపాన్ చేరినవని తివాచీల మీద పనిచేసిన పరిశోధకులు గుర్తుపట్టారు. జూలై 14, 15, 16 సాయంత్రాల్లో షిజో వీధి పక్క సందుల్లో రథాలు నిలిపి ఉంటాయి. అప్పుడైతే వాటిని దగ్గరగా నిలబడి చూడొచ్చు.

[దృశ్యం: సందులో దీపాల వరస వెలుగుతుంది. తెర చీకటి.]