డప్పు ఎటుపోయింది? లిమిటర్ గురించి నల్లగొండలో నాలుగు మాటలు

అందరికీ నమస్తే. ఇంట్లో ఒక గది చూసుకుని, గోడలకు దుప్పట్లు కట్టి పాటలు రికార్డు చేసేవాళ్లు నల్లగొండ చుట్టుపక్కల ఇంతమంది ఉన్నారని నాకు ఇవాళే తెలిసింది. మీలో చాలామంది ఫోన్ చేసి అడిగేది ఒకటే: "అన్నా, మన పాట పెద్ద స్టూడియో పాటంత గట్టిగా ఎందుకు మోగుతలేదు, ఏ లిమిటర్ వాడాలె?" లిమిటర్ అంటే శబ్దం ఒక హద్దు దాటకుండా ఆపే ప్లగిన్, అంటే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో తగిలించుకునే చిన్న ప్రోగ్రాం. దాని పేరు చివర్లో చెప్తా, పేరుతో అంత పెద్ద పని లేదు.

ముందు నా పరువు పోయిన సంగతి వినండి. మొదట్లో ఒక జానపదం మిక్స్ చేశా. డప్పు మా ఊరి పెద్దాయన వాయించాడు. రికార్డింగ్‌కు ముందు ఆయన గడ్డి మంట వేసి డప్పును అటూ ఇటూ తిప్పుతూ కాగబెట్టడం, మధ్యలో వేలితో ఒక్కటి కొట్టి చెవి పెట్టి వినడం, ఇంకా కాలేదని మళ్లీ మంట మీద పట్టడం, ఇట్లా అరగంట. మైకు ఆన్ చేసి కూర్చున్న నాకు ఒకటే చిరాకు. తర్వాత మాస్టరింగ్‌లో, అంటే పాటకు చివరి మెరుగులు దిద్దేటప్పుడు, లిమిటర్ గెయిన్ (శబ్దం పెంచే నాబ్) 10 డెసిబెల్స్ (డీబీ) దాకా తిప్పేశా, మీటర్ ఎర్రగా మెరుస్తుంటే అదో సంబరం. పాట విని ఆయన ఒకటే మాటన్నాడు: "మంచిగనే ఉంది గాని బిడ్డా, కాగబెట్టకుండ కొట్టినట్టుంది డప్పు."

నిజమే మరి. సిర్ర తోలుకు తగిలిన తొలి క్షణంలోనే, కొన్ని మిల్లీసెకన్లలోనే ఆ దెబ్బ పదునంతా ఉంటుంది. లిమిటర్ ముందుగా కోసేది కూడా దాన్నే. అరగంట మంట దగ్గర ఆయన పడ్డ కష్టాన్ని నేను ఒక్క నాబ్‌తో తుడిచేశా.

లిమిటర్ చేసే పని మన సాగర్ డ్యామ్‌తో పోల్చి చెప్తా. పూర్తి నీటిమట్టం 590 అడుగులు, అదే మన సీలింగ్, శబ్దం దాటకూడని హద్దు. పైన శ్రీశైలం నుంచి ఎంత వదిలారో ముందే కబురొస్తుంది, వరద వచ్చి మీద పడకముందే గేట్లు లేపుతారు. లుక్‌అహెడ్ అంటే ఇదే, రాబోయే శబ్దాన్ని కాస్త ముందే చూసుకుని వాల్యూమ్ దించుతుంది. వరద తగ్గాక గేట్లు ఎంత నిదానంగా దించుతారో అది రిలీజ్. మరీ తొందరగా దించితే బేస్‌లో గరగర వస్తుంది, మరీ నిదానమైతే కిక్ డ్రమ్ దెబ్బ పడ్డప్పుడల్లా పాడేవాళ్ల గొంతు లోపలికి పోయి మళ్లీ బయటికొస్తుంది. ఇక మీరు గెయిన్ పెంచుతున్నారంటే పైనుంచి వరద పెంచుతున్నట్టే, 26 గేట్లూ పాటంతా ఎత్తే ఉంటాయి, పల్లవికీ చరణానికీ తేడా ఉండదు.

ఇంతా చేస్తే దక్కేదేంటి? స్పాటిఫై మామూలు సెట్టింగ్‌లో పాటల్ని మైనస్ 14 లఫ్స్ దగ్గరికి తెస్తుంది. (లఫ్స్ అంటే పీక్, అంటే శబ్దం ఎగిరే అతి ఎత్తైన చోటు, కాదు, చెవికి మొత్తంగా ఎంత గట్టిగా అనిపిస్తుందన్న లెక్క.) మీరు మైనస్ 8కి తొక్కి పంపితే 6 డీబీ తగ్గించి వినిపిస్తుంది, పోయిన డప్పు మాత్రం తిరిగిరాదు. యూట్యూబ్ కూడా ఎక్కువ ఉన్నదాన్ని తగ్గిస్తుంది. కంప్యూటర్లో మీ వీడియో మీద రైట్ క్లిక్ కొట్టి 'స్టాట్స్ ఫర్ నెర్డ్స్' తెరవండి, కంటెంట్ లౌడ్‌నెస్ దగ్గర అంకె కనిపిస్తుంది. డీజే పెన్‌డ్రైవ్‌కు ఈ తగ్గింపు లేదు, ఒప్పుకుంటా. బరాత్‌కు విడిగా ఇంకాస్త గట్టి వెర్షన్ తీసుకోండి, నేనూ తీస్తా.

మొన్న మిర్యాలగూడ నుంచి ఒక తమ్ముడు ప్రాజెక్ట్ తెచ్చాడు. లిమిటర్ 9 డీబీ కోస్తోంది, అయినా పాట పక్క పాటకన్నా మెల్లగా ఉంది. ఒక్కో ట్రాక్ మ్యూట్ చేసుకుంటూ పోయాం. కీబోర్డ్ బేస్ తీయగానే మీటర్ ఊపిరి పీల్చుకుంది. 35 హెర్ట్జ్ కింద ఏదో గుమ్మనే శబ్దం, ఫోన్ స్పీకర్లో అసలు వినబడదు, కానీ ఉన్న జాగా అంతా అదే తింటోంది. దాన్ని కోసేశాం. మన చెవి బాగా పట్టుకునేది 2 నుంచి 5 కిలోహెర్ట్జ్ మధ్య శబ్దాన్ని, కాబట్టి గొంతును అక్కడ ఒక్క డీబీ లేపాం. వినబడని మాటలను ఫేడర్‌తో ఒక్కొక్కటిగా ఎత్తడానికి రెండు గంటలు పట్టింది, బోర్ పనే. ఆ తర్వాత లిమిటర్ 3 డీబీ కోస్తేనే పాట ముందుకన్నా గట్టిగా వినిపించింది.

సెట్టింగులంటారా, సీలింగ్ మైనస్ 1 డీబీ, ట్రూ పీక్ (మామూలు మీటర్‌కు చిక్కని పీక్‌లను కూడా పట్టే సెట్టింగ్) ఆన్. ఎంపీ3గానో ఏఏసీగానో మార్చినప్పుడు పీక్‌లు కాస్త పైకి ఎగురుతాయి, అందుకే ఆ ఖాళీ. అతి గట్టి చోట 2, 3 డీబీ కోస్తే చాలు. ఇంకోటి, లిమిటర్ ఎంత పెంచిందో అంతే తగ్గించి ముందూ వెనకా పోల్చి వినండి, ఎందుకంటే గట్టిగా ఉన్నది ఎప్పుడూ బాగున్నట్టే అనిపిస్తుంది, నన్ను ముంచింది అదే.

ప్లగిన్ పేరు అడిగారుగా, లౌడ్‌మ్యాక్స్. ఉచితం, రెండే స్లైడర్లు.

ఆ జానపదాన్ని మళ్లీ మాస్టర్ చేశా, పాతదీ కొత్తదీ రెండూ తెచ్చా. వాల్యూమ్ సమానం చేసి వినిపిస్తా, ఏది ఏదో చెప్పను. వెనక ఫ్యాన్ ఎవరైనా ఆపండి తమ్ముడూ, డప్పు వినాలి.