అటక మీది క్యాసెట్లు కంప్యూటర్‌లోకి | మా వైజాగ్ ఇంట్లో వీసీఆర్ సందడి

హాయ్ అండీ, అందరికీ నమస్కారం. ఈ వీడియోలో బీచ్ లేదు, షాపింగ్ లేదు. ఎంవీపీ కాలనీలో అమ్మావాళ్ళ హాల్లో చాప మీద కూర్చున్నాను. చుట్టూ వైర్లు, మధ్యలో క్యాసెట్లు ఆడించే వీసీఆర్. అటక మీది పాత వీడియో క్యాసెట్లని కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాను.

"డాలస్ పట్టుకెళ్ళి అక్కడే చేయించొచ్చు కదా" అన్నారు మావారు. కుదరదండీ. మన క్యాసెట్లు పాల్ అనే టీవీ పద్ధతివి: 625 లైన్లు, సెకనుకి 25 ఫ్రేములు. అమెరికాలో మామూలుగా దొరికేవి వేరే పద్ధతైన ఎన్‌టీఎస్‌సీ వీసీఆర్‌లు, వాటిలో మన క్యాసెట్ పెడితే బొమ్మ సరిగ్గా రాదు. పోనీ కొత్తది కొందామా అంటే, జపాన్ ఫునాయ్ కంపెనీ కూడా 2016లో తయారీ ఆపేసింది. అందుకే బాబాయి వాళ్ళ పాత వీసీఆర్‌కే బెల్టు మార్పించి, టేపుని చదివే హెడ్ క్లీన్ చేయించి తెచ్చాం.

ఇదిగో, దగ్గరగా చూడండి. క్యాసెట్ పక్కన చిన్న బటన్ ఉంటుంది, అది నొక్కితే మూత లేస్తుంది. లోపల టేపు నల్లగా మెరుస్తోంది కదా, ఇది బాగున్నట్టే. ఇప్పుడు ఈ రెండోది... క్యాసెట్ మీది చిన్న కిటికీలోంచి టార్చ్ వేస్తే చుట్ట అంచు మీద తెల్లగా బూజు. మన ఊరి ఉప్పగాలికి, ఉక్కపోతకి ఇంకేమవుతుంది? దానికి తోడు హుద్‌హుద్‌ తుఫాను అప్పుడు అటక మీదకి కూడా జల్లు కొట్టింది. ఇలాంటిది పొరపాటున కూడా వీసీఆర్‌లో పెట్టకండి. ఆ బూజు హెడ్‌కి పట్టిందంటే తర్వాతి క్యాసెట్లకీ అంటుకుంటుంది. ఇది పక్కన పెట్టి, బూజు శుభ్రం చేయడం తెలిసినవాళ్ళకే ఇస్తాను.

ఇక వీసీఆర్ నుంచి కంప్యూటర్‌కి వైర్లు కలుపుదాం. పసుపు పిన్ను బొమ్మకి. మాది మోనో (ఒకే సౌండ్ ఛానల్) వీసీఆర్ కాబట్టి సౌండ్‌కి ఒక్క తెల్ల పిన్నే. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే ఎడమ చెవిలోనే వినిపిస్తుంది, కంగారు పడొద్దు, ఎడిటింగ్‌లో రెండు వైపులకీ పెట్టుకోవచ్చు. రికార్డు చేసే బొమ్మ సైజు 720 బై 576, నిష్పత్తి 4:3. వైడ్ స్క్రీన్‌కి సాగదీస్తే అందరూ లావైపోతారు, అమ్మ అస్సలు ఒప్పుకోదు! సెకనుకి 8 మెగాబిట్ల (8 ఎంబీపీఎస్) లెక్క‌లో గంటకి సుమారు మూడున్నర జీబీ అవుతుంది. తొందరపెట్టడానికీ లేదు, మూడు గంటల క్యాసెట్‌కి మూడు గంటలూ ఆడాల్సిందే.

పెళ్ళి క్యాసెట్ చూసి నాకు ఒళ్ళు మండింది. మొదటినుంచి చివరిదాకా సినిమా పాటలే, మనుషుల మాట ఒక్కటీ లేదు. పాటలు కలిపి మిక్సింగ్ చేసినవి చాలావరకు అంతే. అదే తమ్ముడి బారసాల క్యాసెట్‌కి ఎవరూ ఎడిటింగ్ చేయించలేదు. బొమ్మ ఊగుతుంది, గీతలు పడతాయి, కానీ నానమ్మ గొంతు ఖంగుమని వినబడుతుంది: "ఒరే, ఆ లైటు పిల్లాడి కళ్ళలో కొట్టకురా, అవతలికి పో!" మొత్తం వీడియోలో ఆవిడ ముఖం ఎక్కడా లేదండీ, కేకలు మాత్రం ప్రతి ఫ్రేములోనూ ఉన్నాయి. మీ ఇంట్లో ఏది ముందు ఎక్కించాలో తోచకపోతే, ఎడిట్ చేయించనివి ముందు తీయండి.

తర్వాత 1999లో ఆర్కే బీచ్. మా చిన్నోడు వెంటనే "అమ్మా, సబ్‌మెరైన్ ఏదీ?" అన్నాడు. కుర్సురా సబ్‌మెరైన్‌ని 2002లో కదా మ్యూజియం చేసింది! సబ్‌మెరైన్ లేని ఆ ఇసుకలో మా నాన్న, బెల్ బాటమ్ కాలం దాటిపోయినా అదే ప్యాంటులో.

ఫైళ్ళు రెండు హార్డ్ డిస్కుల్లో వేశాను, ఒకటి ఇక్కడ నాన్న దగ్గర, ఒకటి నా బ్యాగులో. ఈ సంగతి గాజువాక పెద్దమ్మకి ఎవరో చెప్పేశారు. రేపు ఆవిడ సంచీతో వస్తోందట.